చెవి మిషన్ పెట్టుకున్న కొత్తలో

మిషన్ పెట్టించుకుని ఇంటికొచ్చిన మొదటి రోజు చాలామందికి సంతోషం కలగదు, కంగారు పుడుతుంది. సీలింగ్ ఫ్యాన్ హోరు, పక్క గదిలో ఫ్రిజ్ మోటారు, టైల్స్ మీద చెప్పుల టపటప, పేపరు మడిస్తే పరపర, సింకులో స్టీలు గిన్నెల మోత, తాము కొరికిన అప్పడం చప్పుడు... అన్నీ కలిసి ఒక్కసారిగా మీద పడతాయి. ఎవరి మాట కోసం మిషన్ కొన్నారో ఆ కోడలి మాట మాత్రం ఈ రొదలో ఎక్కడో ఉంటుంది. సాయంత్రానికి తల దిమ్మెక్కుతుంది. రాత్రికి మిషన్ డబ్బాలోకి పోతుంది. అలా డబ్బాలోకి పోయిన మిషన్లలో కొన్ని మళ్ళీ బయటికి రావు. ఎవరైనా అడిగితే "అది నాకు పడలేదమ్మా" అంటారు.

ఆ పడకపోవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, కొత్త శబ్దాలకు మెదడు ఇంకా అలవాటు పడకపోవడం. దానికి మందు వాడకమే. రెండోది, మిషన్ ఆ చెవికి తగ్గట్టు అమరకపోవడం. దాన్ని ఓర్చుకోవలసిన పని లేదు, వెంటనే వెళ్ళి దిద్దించుకోవాలి. నేను చూసినంతలో జనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు. మొదటి రకం ఇబ్బందికి భయపడి మిషన్ తీసేస్తారు. రెండో రకాన్ని "వయసైపోయింది, ఇంతే" అనుకుని భరిస్తారు. ఏది ఏదో విడదీసి చూడాలంటే ముందు చెవిలో ఏం పోయిందో తెలియాలి.

లోపలి చెవిలో కాక్లియా అని రెండున్నర చుట్లు తిరిగిన సన్నని గొట్టం ఉంటుంది. చుట్లు విప్పితే పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. దాని పొడవునా ఒక పొర పరుచుకుని ఉంటుంది. శబ్దం రాగానే ఆ పొర మీద ఒక అల బయల్దేరుతుంది. కీచు శబ్దమైతే అల గొట్టం మొదట్లోనే ఎత్తుకు లేచి అణిగిపోతుంది. బొంగురు శబ్దమైతే చివరిదాకా ప్రయాణిస్తుంది. అంటే ఏ చోట పొర ఎక్కువ ఊగిందో దాన్నిబట్టే అది ఏ స్థాయి శబ్దమో తెలుస్తుందన్నమాట. చనిపోయినవారి చెవుల్లో ఈ అలను సూక్ష్మదర్శినితో చూసి లెక్కగట్టిన గియోర్గ్ వాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పొర మీద వరసలుగా రోమకణాలుంటాయి. లోపలి వరసలో సుమారు 3,500, బయటి వరసల్లో సుమారు 12,000. మెదడుకు కబురు పంపేవి ప్రధానంగా లోపలివే. మరి మూడింతలకు పైగా ఉన్న బయటి కణాలెందుకు? అవి శబ్దానికి తగ్గట్టు తామే సాగుతూ, ముడుచుకుంటూ పొర ఊపును పెంచుతాయి. సన్నని చప్పుడు కూడా లోపలి కణాలకు అందేది వాటి పుణ్యమే. చెవిలోనే ఇలాంటి ఆంప్లిఫయర్ ఒకటి ఉండితీరాలని 1948లో థామస్ గోల్డ్ అన్నప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1978లో డేవిడ్ కెంప్ చెవిలోంచి బయటికి వచ్చే అతి సన్నని శబ్దాలను చిన్న మైకుతో పట్టుకున్నాక కాదనడం కష్టమైంది. నేడు అప్పుడే పుట్టిన పిల్లలకు వినికిడి పరీక్ష చేసేటప్పుడు చాలాచోట్ల వెతికేది ఈ శబ్దాలనే.

వయసు, పెద్ద చప్పుళ్ళు, జెంటామైసిన్, సిస్‌ప్లాటిన్ లాంటి కొన్ని మందులు మొదట దెబ్బతీసేది ఈ బయటి కణాలనే. కోళ్ళలో పోయిన రోమకణాలు మళ్ళీ మొలుస్తాయి. మనుషుల్లో మొలవవు. ఆ దెబ్బ కూడా సాధారణంగా గొట్టం మొదటి భాగంలో, అంటే కీచు శబ్దాలను పట్టే చోట, ముందుగా తగులుతుంది.

దీని ఫలితం మాటలో ఎలా కనిపిస్తుందో చూడండి. పాలు, కాలు, చాలు, తాలు. నాలుగు మాటల్లోనూ అచ్చులు అవే, మొదటి హల్లు ఒక్కటే తేడా. మాటకు బలమిచ్చేవి అచ్చులు. వాటి శక్తి చాలావరకు 1,000 హెర్ట్జ్‌కు దిగువనే ఉంటుంది. మాటకు మాటకు తేడా చూపేవి ఎక్కువగా హల్లులు. వాటిలో స, శ, ష, చ, త లాంటివాటి శక్తి 2,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య, అదీ చాలా తక్కువగా ఉంటుంది. కీచు శబ్దాలు పోయిన చెవికి నాలుగు మాటలూ 'ఆలు' అన్నట్టే చేరతాయి. "వినపడుతోందిరా, కానీ ఏమంటున్నావో తెలియట్లేదు. నోట్లో నముల్తావెందుకు?" అని పెద్దవాళ్ళు విసుక్కునేది ఇందుకే. వాళ్ళు అబద్ధమాడటం లేదు, మనమూ నమలడం లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం గానీ, ఈ రకం చెవుడున్న పెద్దాయనకు గుళ్ళో శంఖం చక్కగా వినిపిస్తుంది. మనవడు "తాతా, స్కూల్లో..." అని మొదలుపెడితే మాత్రం అందదు.

పరీక్ష చేశాక చేతికిచ్చే ఆడియోగ్రామ్‌లో ఈ కథంతా ఉంటుంది. 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కొక్క స్థాయిలో వినపడే అతి సన్నని శబ్దం ఎన్ని డెసిబెల్సో గుర్తులు పెడతారు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. గీత ఎడమవైపు పైన మొదలై కుడివైపుకు జారుతుంటే, పైన చెప్పిన 'పాలు-చాలు' ఇబ్బంది అదే. ఆ కాగితాన్ని మందుల చీటీలతో కలిపి పారేయకండి. మిషన్‌లో ప్రతి సర్దుబాటుకూ ఆధారం అదే.

పోయిన మేరకు శబ్దాన్ని పెంచేస్తే సరిపోదా? సరిపోదు. కొత్తవాళ్ళను ఎక్కువగా బాధపెట్టే చిక్కు ఇక్కడే ఉంది.

పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ జరిగే పోట్లాటే చూడండి. "నాన్నా, భోజనానికి రా" అంటే పలకరు. కాస్త గట్టిగా అంటే "ఏంటీ?" అంటారు. ఇంకొంచెం గట్టిగా అనేసరికి "ఎందుకే ఆ అరుపులు, నాకేమన్నా చెవుడా?" అని కోపం. ఇది కోపిష్టితనం కాదు. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు సన్నని శబ్దాలు అందకుండా పోతాయి గానీ, పెద్ద శబ్దాలు ఎప్పటిలాగే పెద్దగా వినిపిస్తాయి. మంచి చెవికి సున్నా దగ్గర మొదలయ్యే వినికిడి దెబ్బతిన్న చెవికి 50 డెసిబెల్స్ దగ్గర మొదలవుతుందనుకుందాం. ఇక భరించలేం అనిపించే హద్దు మాత్రం ఇద్దరికీ దాదాపు 100 దగ్గరే ఉంటుంది. మామూలుగా 100 డెసిబెల్స్ జాగాలో పరుచుకునే లోకమంతా 50లో ఇరుక్కోవాలి. పైగా డెసిబెల్ కూడికల లెక్క కాదు, ప్రతి 10 డెసిబెల్స్‌కూ శబ్ద శక్తి పదింతలవుతుంది. కాబట్టి 'వినపడటం లేదు', 'భరించలేను' అనే రెండు మాటల మధ్య దూరం చాలా తక్కువ. వైద్యులు దీన్ని 1930ల నుంచే ఎరుగుదురు.

శబ్దాలను ఈ ఇరుకు జాగాలో సర్దడం పాత మిషన్లకు చేతనయ్యేది కాదు. అవి చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే లెక్కన పెంచేవి. చొక్కా జేబులో డబ్బా, చెవికి తీగ ఉండే పాకెట్ మిషన్ మన ఊళ్ళలో చాలామంది గుర్తెరిగినదే. అందులో మాటతో పాటు గుడ్డ రాపిడి కూడా అంతే జోరుగా వినిపించేది. అమెరికాలో ట్రాన్సిస్టర్ అమర్చిన మొదటి మిషన్ 1952 చివర్లో అమ్మకానికి వచ్చింది. సామాన్య జనం కొనుక్కున్న మొదటి ట్రాన్సిస్టర్ వస్తువు కూడా అదేనంటారు. దాంతో పరిమాణం తగ్గింది గానీ పెంచే పద్ధతి వెంటనే మారలేదు. పూర్తి డిజిటల్ మిషన్లు 1996లో మార్కెట్లోకి వచ్చాక ఒక్కొక్క స్థాయిలో, ఒక్కొక్క జోరుకు వేరువేరుగా పెంచడం తేలికైంది. ఇప్పటి మిషన్ సన్నని మాటను బాగా పెంచుతుంది, మామూలు మాటను కొద్దిగా పెంచుతుంది, కుక్కర్ ఈలను దాదాపు ముట్టుకోదు. ఎంత పెంచాలో చెప్పే సూత్రాలున్నాయి. ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ తయారుచేసిన సూత్రం వాటిలో బాగా వాడుకలో ఉంది. అది మొదటిసారి పెట్టుకునేవారికి అనుభవం ఉన్నవారికంటే కొంచెం తక్కువ పెంపు ఇస్తుంది. అంటే మొదటి రోజు మీకు పెట్టినది చివరి సెట్టింగు కాదు, మెట్టుమెట్టుగా పెంచుతారు.

రోడ్డు పక్కన, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 'చెవి మిషన్లు' కొన్నిటికి ఈ లెక్కలేవీ ఉండవు. అన్నిటినీ ఒకేలా పెంచుతాయి. బాగా వినపడే బొంగురు శబ్దాలు ఇంకా పెరిగి, హల్లులు ఇంకా మునిగిపోతాయి. పరీక్ష లేకుండా, ఆడియోగ్రామ్ చూడకుండా ఎవరైనా మిషన్ అమ్మితే కొనకండి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ఆడియాలజిస్టు ఉన్నచోటికే వెళ్ళండి.

ఇక సొంత గొంతు సంగతి. ఒక ఆడియాలజిస్టు గదిలో కూర్చుని చూసిన ముచ్చట చెబుతాను. రిటైరైన లెక్కల మాస్టారు, డెబ్బై దాటిన మనిషి. రెండు చెవులకూ మిషన్లు పెట్టి ఆన్ చేశారు. మాస్టారు "ఆఁ, వినపడుతోందండీ" అని, తన మాటకు తనే ఉలిక్కిపడి ఆగిపోయారు. "ఇదేంటండీ, కుండలో తలకాయ పెట్టి మాట్లాడినట్టుంది!" ఆడియాలజిస్టు అమ్మాయి నవ్వి, "సార్, ఒకసారి ఆ... అనండి. ఇప్పుడు ఈ... అనండి" అంది. 'ఆ' అన్నప్పుడు మామూలుగానే ఉన్నారు. 'ఈ' అనేసరికి మొహం చిట్లించారు. ఆమె చెవిలోని సిలికాన్ టోపీ తీసేసి, చిల్లులున్న ఇంకొకటి తొడిగింది. మళ్ళీ 'ఈ' అన్నారు. "కొంచెం నయం" అన్నారు. పక్కన కూర్చున్న భార్య, "ఏమండీ, ఇప్పుడు మీరు మెల్లగా మాట్లాడుతున్నారు తెలుసా?" అంది. మాస్టారుకు తెలియదు. వినపడక ఏళ్ళ తరబడి గొంతు పెంచి మాట్లాడిన మనిషికి తన గొంతు తిరిగి వినపడగానే దానంతటదే తగ్గింది. ఇంట్లోవాళ్ళు ముందుగా గమనించే మార్పు చాలాసార్లు ఇదే.

ఆమె చేయించిన పరీక్షను మీరూ ఇప్పుడే చేసి చూడొచ్చు. రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని ఆ, ఈ, ఊ అనండి. ఈ, ఊ తలలో మోగుతాయి, ఆ అంతగా మోగదు. మాట్లాడేటప్పుడు దవడ, పుర్రె ఎముకలు కదిలి చెవి గొట్టం గోడలను కూడా ఊపుతాయి. చెవి తెరిచి ఉంటే ఆ బొంగురు ధ్వని బయటికి పోతుంది. మూసి ఉంటే పోవడానికి దారిలేక కర్ణభేరికి తగులుతుంది, కొన్ని స్థాయిల్లో 20 డెసిబెల్స్‌కు పైగా పెరుగుతుంది. నోరు బాగా తెరిచే ఆ-కారంలో ధ్వని నోట్లోంచి సులువుగా బయటపడుతుంది. నోటి దారి ఇరుకయ్యే ఈ, ఊలలో లోపలే ఒత్తిడి పెరిగి ఎముకలను ఎక్కువ కదిలిస్తుంది. మరి చెవిని పూర్తిగా తెరిచి ఉంచితే? బొంగురు శబ్దాలు బాగానే వినపడేవారికి అలాగే ఉంచుతారు, హాయిగా ఉంటుంది. చెవుడు ఎక్కువగా ఉన్నవారికి అలా కుదరదు. పెంచిన శబ్దం ఆ సందులోంచి బయటపడి, మళ్ళీ మైకులో దూరి కీచుమంటుంది. కాబట్టి వాళ్ళు కొంత మోతకు అలవాటు పడక తప్పదు. రోజూ పేపరు పైకి చదవడం దీనికి మంచి సాధన. అలవాటయ్యాక సొంత గొంతు మామూలే అనిపిస్తుంది. పక్షం, నెల గడిచినా మోత తగ్గకపోతే మాత్రం అది మీ ఓపికకు పరీక్ష కాదు. టోపీ మార్చాలి, చెవి అచ్చుతో చేసిన మోల్డ్ అయితే దానికి రంధ్రం పెంచాలి.

ఫ్యాన్ హోరు విషయం వేరు. మంచి చెవి ఉన్నవాళ్ళకూ ఆ హోరు పొద్దస్తమానం చెవిలో పడుతూనే ఉంటుంది. ఎప్పుడూ ఉండేదే, అందులో కొత్త కబురేమీ లేదని మెదడు తేల్చుకుంది కాబట్టి పట్టించుకోదు. ఏది వినాలి, ఏది వదిలేయాలి అన్న తీర్పు మెదడుదే. ఆ తీర్పు రోజూ విని విని ఏర్పడుతుంది. బ్రిటన్‌లో పరిశోధకులు లెక్కవేస్తే, వినికిడి తగ్గుతోందని తెలిశాక కూడా మిషన్ దాకా రావడానికి జనం సుమారు 10 ఏళ్ళు తీసుకుంటున్నారు. మన దగ్గర అంతకంటే తక్కువ ఉంటుందని నేననుకోను. అన్నేళ్ళు ఫ్యాన్, ఫ్రిజ్, చెప్పుల చప్పుడు అందని మెదడుకు అవన్నీ కొత్తవే. కొత్తది ఏదైనా ముఖ్యమైనదే కావచ్చని మెదడు అనుకుంటుంది. అందుకే మొదటి రోజుల్లో స్టీలు గిన్నె శబ్దం, భార్య పిలుపు ఒకే బరువుతో వచ్చి పడతాయి. సాయంత్రం తలనొప్పి రావడంలో వింత లేదు, మెదడు నిజంగానే ఎక్కువ పని చేసింది.

ఆ ఏళ్ళలో మెదడు ఊరికే కూర్చోలేదు కూడా. చెవి నుంచి కబుర్లు తగ్గినకొద్దీ దారిలోని నాడీకణాలు కొన్ని తమ సున్నితత్వాన్ని పెంచుకుంటాయి. చెవిలో ఎప్పుడూ గుయ్‌మనే మోతకు ఇదొక కారణమని భావిస్తున్నారు. మిషన్ పెట్టుకున్నప్పుడు ఆ మోత తగ్గిందని చాలామంది చెబుతారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో అను శర్మ బృందం తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, ఓ మోస్తరు చెవుడు ఉన్న పెద్దవారిలో కూడా వినికిడికి చెందిన ప్రాంతాలు కంటితో చూసినవాటికి స్పందించసాగాయి. పెదాలు చూసి మాట పట్టుకునే అలవాటు లోపల ఎంత దూరం పోయిందో చూడండి. అమరిక సరిగ్గా కుదిరిన మిషన్‌ను ఆరు నెలలు వాడాక ఆ మార్పు వెనక్కి మళ్ళినట్టు 2020లో ప్రచురించారు. అది చిన్న అధ్యయనమే, కానీ ఆశ కలిగించేది.

ఎన్నాళ్ళకు అలవాటవుతుంది? గ్లాస్గోలో స్టువర్ట్ గేట్‌హౌస్ 1992లో ఒక చెవికే మిషన్ పెట్టిన కొద్దిమందిని వారాల తరబడి పరీక్షించి, మాట గుర్తుపట్టడంలో అసలు లాభం 6 నుంచి 12 వారాల మధ్య బయటపడుతోందని చూపించాడు. తర్వాతివారు చేసిన అధ్యయనాల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. కొందరిలో మెరుగు కనిపించింది, కొందరిలో చాలా తక్కువ. కాబట్టి 'మూడు నెలల్లో అంతా బాగైపోతుంది' అని ఎవరికీ మాటివ్వకూడదు. కానీ చిన్నచిన్న చప్పుళ్ళ వల్ల కలిగే చిరాకు వాడుతూ ఉంటే తగ్గుతుందని మాత్రం రోజూ మిషన్లు పెట్టేవారెవరైనా చెబుతారు. వాడితేనే. ఈ రోజుల్లో చాలా మిషన్లు రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నారో లోపల రాసుకుంటాయి. ఆడియాలజిస్టు కంప్యూటర్‌కు తగిలించగానే అది తెరమీద కనబడుతుంది. రోజుకు గంట పెట్టుకుని 'అలవాటు కాలేదు' అనేవారికి అసలు అలవాటు మొదలే కాలేదన్నమాట. మొదటి వారం నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు పెట్టుకుని, క్రమంగా గంటలు పెంచుకుంటూ పోవచ్చు. తట్టుకోగలిగితే మొదటి రోజు నుంచే పొద్దంతా పెట్టుకోవచ్చు. రెండు దారులూ మంచివే. పెళ్ళికి వెళ్ళేటప్పుడు మాత్రమే బయటికి తీయడం అనే మూడో దారి మంచిది కాదు.

ఒక చెవికి కొంటే చాలనుకునేవారు మన దగ్గర ఎక్కువ. ఖర్చు చిన్నది కాదు, ఆ కష్టం నాకు తెలుసు. కానీ 1984లోనే సిల్మన్, గెల్ఫాండ్, సిల్వర్‌మన్ అనే పరిశోధకులు ఒక సంగతి గమనించారు. రెండు చెవులకూ చెవుడు ఉండి ఒక్కదానికే మిషన్ వాడినవారిలో, మిషన్ లేని చెవి కొన్నేళ్ళకు మాటను గుర్తుపట్టే శక్తి కోల్పోతూ వచ్చింది. శబ్దం ఎటునుంచి వస్తోందో తేల్చడానికి మెదడు రెండు చెవులకూ అది చేరే సమయంలోని తేడాను చూస్తుంది. ఆ తేడా ఎక్కువలో ఎక్కువ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. రోడ్డు దాటేటప్పుడు హారన్ ఎటునుంచి వచ్చిందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. ఆదాయం తక్కువగా ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద మిషన్లు ఇస్తారు. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ పరీక్షలూ చేస్తారు. అడగడానికి మొహమాటపడొద్దు.

మతిమరుపు భయం చూపి మిషన్లు అమ్మేవారి గురించి కూడా ఒక మాట. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ మధ్య వయసున్న 977 మందిని మూడేళ్ళు గమనించిన అధ్యయనం 2023లో 'లాన్సెట్'లో వచ్చింది. అందరినీ కలిపి చూస్తే మిషన్ పెట్టుకున్నవారికీ పెట్టుకోనివారికీ మేధాశక్తి తగ్గడంలో తేడా కనబడలేదు. గుండె జబ్బుల అధ్యయనం నుంచి వచ్చి చేరిన, ముప్పు ఎక్కువగా ఉన్న ఒక గుంపులో మాత్రం ఆ తరుగుదల 48 శాతం నెమ్మదించింది. ఇది పెద్ద సంగతే. కానీ 'మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదు' అనే ప్రకటనకు ఇది చాలదు. మనవరాలి మాట వినపడటమే మిషన్ పెట్టుకోవడానికి తగిన కారణం, ఇంకో భయం అక్కర్లేదు.

ఇల్లు కూడా వినికిడిని మారుస్తుంది. మన ఇళ్ళలో నేల గ్రానైటో టైల్సో, గోడలు బోడి, తివాచీలుండవు, కిటికీలకు పల్చటి తెరలు. మాట గోడలకు తగిలి తిరిగొచ్చి, వెనక వచ్చే మాటలో కలిసిపోతుంది. మిషన్ రెంటినీ పెంచుతుంది. మాట్లాడేవారు దూరమైనకొద్దీ నేరుగా వచ్చే ధ్వని తగ్గుతుంది, దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతుంది. తిరిగొచ్చే ధ్వని మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి వంటింట్లోంచి హాల్లోకి కేకేయడం ఎంత మంచి మిషన్ ఉన్నా దండగే. దగ్గరికొచ్చి, "మామయ్యా" అని ముందు పిలిచి, ఆయన మొహం తిప్పాక, మామూలు గొంతుతో చెబితే చాలు. అరవకూడదు. అరిస్తే అచ్చులు పెరుగుతాయి గానీ హల్లులు స్పష్టపడవు, పైగా మిషన్ ఆ అరుపును అణిచేస్తుంది.

ఫంక్షన్ హాలు అన్నిటికంటే కష్టం. నలుగురు మాట్లాడుతుంటే ఒకరి మాట పట్టుకోవడం ఎలా అని 1953లో కోలిన్ చెర్రీ మొదలుపెట్టిన ప్రశ్నకు ఈనాటికీ ఏ మిషనూ పూర్తి జవాబు ఇవ్వలేదు. ఎదుటి మాటకు మొగ్గే మైకులు కొంత సాయం చేస్తాయి. స్పీకర్లకు దూరంగా, గోడకు వీపు పెట్టి కూర్చుంటే రొద వెనకనుంచి రాదు. అక్కడ అందరి మాటా వినపడలేదని మిషన్‌ను నిందించడం న్యాయం కాదు. మంచి చెవులున్నవాళ్ళే అక్కడ సగం మాటలకు తల ఊపుతారు.

ఫోన్‌లో ఇంకో చిక్కు. మామూలు ఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకొస్తుంది, అంటే 'స', 'శ' సగం దారిలోనే పోతాయి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడితే పెదాలు కనబడతాయి, ధ్వని కూడా చాలాసార్లు ఇంకొంచెం నిండుగా వస్తుంది. మిషన్‌కు బ్లూటూత్ ఉంటే మాట నేరుగా చెవిలోకే పంపొచ్చు.

సంగీతం వినేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. మిషన్లను మాట కోసం రూపొందించారు. కీచుమోతను అణిచే ఏర్పాటు, వేణువు మీద సాగే నిలకడైన స్వరాన్ని ఆ కీచుమోతేనని పొరబడి దానితో పోరాడుతుంది. స్వరం వణికినట్టు వినిపిస్తుంది. విద్వాంసుడిని తప్పుపట్టకండి, మీ చెవినీ తప్పుపట్టకండి. సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టమని అడగండి. అందులో ఆ ఏర్పాట్లను తగ్గిస్తారు. కచేరీలకు వెళ్ళే అలవాటుందని మొదటి రోజే చెప్పకపోతే ఆడియాలజిస్టుకు తెలిసే దారి లేదు.

ఏది ఓర్చుకోకూడదో ఇప్పుడు చెప్పడం తేలిక. చెవి నొప్పి, పుండు, దురద, చీము ఉంటే ఆ రోజే మిషన్ తీసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. నవ్వినా, నమిలినా కీచుమంటే మోల్డ్ సరిగ్గా కుదరలేదు, లేదా చెవిలో గులిమి అడ్డుపడింది. గిన్నె పడినా, కుక్కర్ ఈల వేసినా ఒళ్ళు జలదరించేంత బాధ కలిగితే గరిష్ఠ శబ్దం హద్దు తగ్గించాలి. అది కంప్యూటర్‌లో నిమిషాల పని. చెవిలో సన్నని గొట్టం పెట్టి, మిషన్ నిజంగా ఎంత శబ్దం ఇస్తోందో కొలిచే పద్ధతి ఉంది. అది చేస్తారా అని అడగండి. ఒక చెవి ఒక్కసారిగా వినపడకుండా పోతే మిషన్ కోసం చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆ జబ్బుకు రోజులు లెక్క.

మన ఎండలు, చెమట కూడా మిషన్‌కు శత్రువులే. కోస్తా జిల్లాల్లో ఉక్కపోత నెలల్లో రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టండి. బటన్ బ్యాటరీ ఉన్న మిషన్ అయితే, స్టిక్కర్ పీకాక కొద్ది నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టండి. అవి గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేసే జింక్ బ్యాటరీలు. స్టిక్కర్ తీసేశాక వాడినా వాడకపోయినా ఖర్చవుతూనే ఉంటాయి. పసిపిల్లల చేతికి అందనీయకండి, మింగితే ప్రాణాపాయం.

మళ్ళీ క్లినిక్‌కు వెళ్ళేటప్పుడు చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్ళండి. "బాగాలేదు" అంటే ఆడియాలజిస్టు దేన్ని ముట్టుకోవాలి? "పేపరు చప్పుడు గుచ్చుకుంటోంది" అంటే కీచు స్థాయిలో కొంచెం తగ్గిస్తారు. "మగవాళ్ళ మాట తెలుస్తోంది, మనవరాలిది తెలియట్లేదు" అంటే అదే స్థాయిలో పెంచవలసి రావచ్చు. "టీవీ ముందు బాగుంది, బస్టాండులో బాగాలేదు" అంటే ఇంకో ప్రోగ్రామ్ వేస్తారు. మొదటి రెండు మూడు నెలల్లో ఇలా కొన్నిసార్లు వెళ్ళడం అమరికలో భాగమే, కొనేటప్పుడే ఆ విజిట్లకు విడిగా డబ్బు తీసుకుంటారో లేదో అడిగి తెలుసుకోండి. తర్వాత కూడా ఏడాదికోసారి ఆడియోగ్రామ్ తీయించాలి, ఎందుకంటే చెవి మారుతూనే ఉంటుంది. గీత ఇంకొంచెం జారితే కొత్త మిషన్ కొనాల్సిన పనిలేదు. చాలాసార్లు ఉన్నదాన్నే కొత్త గీతకు తగ్గట్టు సర్దవచ్చు.